క్లిప్పుకు పెట్టిన పత్యం

జామకాయ కొరికినప్పుడు అంగిట్లో చురుక్కుమంది. ఉమ్మితే రక్తం. తొంభైల మొదట్లో సంగతి, అప్పుడు నేను రేపల్లెలో తొమ్మిదో తరగతి. కింది ముందు పళ్ళు అంగిట్లో గుచ్చుకుంటున్నాయని అద్దంలో చూసుకుంటే గాని తెలియలేదు.

నాన్న రైల్లో తెనాలి పళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు. ఆయన ఎక్స్‌రే తీయించి, "డీప్ బైట్ అండి, పై పళ్ళు కిందివాటిని మరీ కప్పేశాయి. వదిలేస్తే చిగుళ్ళు పాడైపోతాయి. బ్రేసెస్, అదే క్లిప్, వెయ్యాలి, రెండేళ్ళు పడుతుంది," అన్నారు.

"పళ్ళు ఎముకలో పాతుకుని ఉంటాయి కదండీ, ఎలా జరుగుతాయి?" అని అడిగాను.

"వైరు మెల్లగా నెడుతుంటే ముందున్న ఎముక కరిగి దారిస్తుందమ్మా. వెనక మళ్ళీ కట్టుకుంటుంది."

నా ఒళ్ళు గగుర్పొడిచింది. నా నోట్లో ఎముక కరగడమేమిటి, మళ్ళీ పుట్టడమేమిటి అనుకున్నాను.

క్లిప్ వేశాక, "గట్టివి వద్దు, మెత్తనివి పెట్టండి," అన్నారు. మా ఇంట్లో వంట నాయనమ్మదే. నాన్న ఆ మాటే ఆమెకు చెప్పారు. నాయనమ్మ లెక్కలో మెత్తనివంటే జ్వరం పత్యం. పొద్దునా సాయంత్రమూ పాలల్లో నానిన రొట్టె, మీద పంచదార. మధ్యాహ్నం పాలన్నం, నడుమ టీలో ముంచిన బిస్కెట్లు. బ్రష్ పట్టుకుంటే, "తీగలు ఊడొస్తాయే, పుక్కిలించు చాలు," అనేది. నాలాంటి బద్ధకస్తురాలికి అంతకంటే ఏం కావాలి.

మూడో నెలలో డాక్టరు దూదితో నా పళ్ళు తుడిచి లైటు దగ్గరకు లాగారు. పళ్ళకు అతికించిన బ్రాకెట్ల చుట్టూ సున్నం చుక్కల్లా తెల్లమచ్చలు.

"డీకాల్సిఫికేషన్. పన్ను పైపొర కరుగుతోంది. ఏం తింటున్నావమ్మా?"

చెప్పాను. ఆయన నాన్న వైపు తిరిగారు.

"పత్యం ఎవరు పెట్టమన్నారండీ? ఇదేమన్నా జ్వరమా? ఈ మచ్చలు ఆగకపోతే వచ్చే నెల క్లిప్ తీసేస్తాను. పళ్ళు మళ్ళీ పాత చోటికే పోతాయి. ముందు ఆ వండేవాళ్ళని తీసుకురండి."

రేపల్లె దాకా రైల్లో ఏడుస్తూనే ఉన్నాను.

మర్నాడే నాయనమ్మ మాతో వచ్చింది. డాక్టరు ఆమె చేతికే అద్దం ఇచ్చి మచ్చలు చూపించారు.

"తీపి ఈ తీగల సందుల్లో అంటుకుని పన్నుని తినేస్తోందండి మామ్మగారూ. ముద్దపప్పు, మెత్తగా ఉడికిన కూర, గుడ్డు, ముళ్ళు తీసిన చేప, అన్నీ పెట్టండి. జామ లాంటి పళ్ళు పలచటి ముక్కలుగా కోసివ్వండి. తిన్న ప్రతిసారీ తోమాలి."

"మరి ఊడొస్తేనో బాబూ?"

"తీగ ఊడితే నేను అతికిస్తానండి. పన్ను పోతే తెచ్చివ్వలేను."

ఆ రోజు నుంచి, నేను చెయ్యి కడుక్కోగానే నాయనమ్మ బ్రష్ అందించేది. బ్రాకెట్ల పైనా కిందా తోమానో లేదో కళ్ళద్దాలు పెట్టుకుని చూసేది. వైరు బిగించిన మొదటి రెండు రోజులు నొప్పికి జావే దిగేది. మూడో రోజు నుంచి చేపల పులుసు. నెల తిరిగేసరికి మచ్చలు ఆగాయి. క్లిప్ నిలిచింది.

పళ్ళు జరగడం ఒక్కసారి కూడా నా కంటపడలేదు. అయినా ఏడాదికి కింది పళ్ళు అంగిటిని వదిలేశాయి. అన్నం తింటూ నాలుకతో తడిమి చూసుకుని ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చుండిపోయాను. నాకు చెప్పకుండా నా ఎముక ఇంత పని చేసిందా అనిపించింది. ఆ ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు బాపట్లలో పిల్లలకు బయాలజీ చెబుతున్నాను. ఏదైనా కొరుక్కుని తింటాను. ముందు పళ్ళ మీద రెండు మచ్చలు లీలగా ఉండిపోయాయి. క్లిప్ వేయించే ఇంటివాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఏం తినకూడదో విని లేచి రాకండి. ఏం తినాలో, ఎలా తోమాలో కూడా అడగండి. అడిగేటప్పుడు వండిపెట్టే మనిషి ఆ గదిలో ఉండాలి. మా నాయనమ్మను మొదటి రోజే తీసుకెళ్ళి ఉంటే, ఆ రెండు మచ్చలూ ఉండేవి కావు.