ఇరవై నిమిషాల భోజనం

ఆమెకు గబగబమ్మ అని పేరు పెట్టింది ఆడపడుచు. పెట్టదూ మరి! ఐదుంపావుకి బట్టల కంపెనీ నుంచి ఇల్లు చేరి, చెప్పులు ఒకటి గుమ్మానికి ఇవతల, ఒకటి అవతల వదిలేసి, ఐదున్నరకల్లా బల్ల మధ్యలో పొగలు కక్కే పెనం దింపే మనిషిని ఇంకేమని పిలుస్తారు? రోజంతా కాలర్లు కుట్టిన దారప్పోగులు భుజాన అలాగే అంటుకుని ఉండేవి.

ఆ తొందర సరదాకి కాదు. భర్త నీళ్ళ పంపుహౌసులో రాత్రి డ్యూటీ ఆపరేటరు. ఆరుకు పది నిమిషాల ముందు ఇంట్లోంచి కదలాలి. పొద్దున ఆయన తిరిగొచ్చేసరికి ఆమె కంపెనీ బస్సెక్కేసేది. అంటే ఆలుమగలూ, వాళ్ళ ఒక్కగానొక్క కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది రోజుకి ఇరవై నిమిషాలు. వారానికొక సెలవున్నా అది ఆయన నిద్రకే సరిపోయేది. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచాయి.

ఆ ఇరవై నిమిషాల కోసమే ఆమె వంట అలా తయారైంది. కాగిన నూనెలో చితక్కొట్టిన వెల్లుల్లి, ఉల్లిపాయలు వేసి, టమాటాలు చేత్తోనే చిదిమి, పైన గుడ్లు కొట్టి మూత పెడితే ఒకరోజు గడిచేది. పొద్దున్నే ఉడికించి పెట్టిన బంగాళాదుంపలు మిరియాలపొడితో ఎర్రగా వేయించి, నిమ్మకాయ పిండితే ఇంకోరోజు. ఏదైనా ఒకే పెనం, మూడు చెంచాలు. గిన్నెల్లోకి తీస్తే రెండు నిమిషాలు దండగ అనేది.

బల్ల దగ్గర ఒక నియమం ఉండేది. పోట్లాడకూడదు. అంత టైమెక్కడిది? ఎవరికి కోపమొచ్చినా కూతురు లేచి క్యాలెండరు వెనక రాసేది. ‘తర్వాత: కారే కుళాయి.’ ‘తర్వాత: అత్తయ్య అన్న మాట.’ ఆ తర్వాత అనేది ఎన్నడూ రాలేదు గనక సంసారం సాఫీగా సాగింది. ఐదూ యాభైకి బల్ల మీది కీ గడియారం గొల్లున మోగేది. నోట్లో ముద్ద నోట్లో ఉండగానే ఆయన లేచి టోపీ అందుకునేవాడు.

చివరికి ఆయన రిటైరయ్యాడు. గబగబమ్మ సంబరం చూడాలి! ఇక నింపాదిగా వండుతానంది. ముందురోజు నానబెట్టినవి, సన్నని సెగన గంటన్నర మగ్గినవి, నాలుగు రకాలు నాలుగు గిన్నెల్లో మూతలతో సహా బల్లెక్కాయి. ముగ్గురూ ఎనిమిదింటికి కూర్చున్నారు. తిన్నారు. ఎంతసేపైనా కూర్చోవచ్చు గనక ఎవరికీ ఏం మాట్లాడాలో తోచలేదు.

రెండో వారానికి మాటలొచ్చాయి, క్యాలెండరు వెనకనుంచి. కుళాయి వచ్చింది, అత్తయ్య మాట వచ్చింది. పైగా ఆయన వంటింట్లోకి వచ్చి, పంపుహౌసులో మీటర్లు చూసినట్టు పొయ్యి చూడసాగాడు.

“మంట తగ్గించవే, అడుగంటుతుంది.”

“నాకు తెలుసండీ.”

“ఉప్పు ఇప్పుడే వేస్తున్నావేంటి?”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. గరిటె గట్టు మీద పడేసింది. “ఇరవై రెండేళ్ళు వండిపెట్టాను. ఒక్కరోజు, ఒక్కరోజైనా ‘ఇంకొంచెం వెయ్యి’ అన్నారా మీరు? ఇప్పుడొచ్చి ఉప్పు నేర్పుతున్నారు! మీరు డ్యూటీలో ఉన్నప్పుడే హాయిగా ఉండేదీ ఇల్లు.”

అనేసి నాలుక కరుచుకుంది. కానీ ఏం లాభం, నోరు జారింది. ఆయన కంచంలో వడ్డించుకుని బయట మెట్ల మీదకి వెళ్ళి తిన్నాడు. మర్నాడూ అంతే. ఎనిమిది రోజులు అదే వరస.

“అమ్మా, నువ్వే పిలవొచ్చుగా?” అంది కూతురు.

“పిలిస్తే మాత్రం? ఏం మాట్లాడుకుంటామే?” అందామె. అనగానే అనుమానమొచ్చింది. రోజుకి ఇరవై నిమిషాలకి తప్ప తామిద్దరూ ఒకరికొకరు పనికిరారేమో! అదే నిజమైతే, ఆ పరుగంతా దేనికి పరుగెత్తినట్టు? మర్నాడు కంపెనీలో ఆలోచిస్తూ పదకొండు కాలర్లు తిరగేసి కుట్టింది. సూపర్‌వైజరు చేత చీవాట్లు తిని, విప్పి మళ్ళీ కుట్టింది.

ఆ సాయంత్రం ఇల్లు చేరగానే గడియారం కోసం సొరుగు లాగింది. రిటైరైన రోజే ఆయన దాన్ని తన టోపీలో పెట్టి అక్కడ పడేశాడు. ఈపాటికి ఆగిపోయి ఉంటుంది, కీ ఇవ్వాలి అనుకుంటూ తీసింది. అది టిక్కుటిక్కుమంటూ ఆడుతోంది. ఒక్కరోజు కీ ఇవ్వకపోతే ఆగిపోయే గడియారమది.

రోజూ ఎవరికీ తెలియకుండా కీ ఇస్తున్నాడన్నమాట, పిచ్చిమనిషి! కళ్ళు తుడుచుకుని గబగబా పెనం పెట్టింది. వెల్లుల్లి చితక్కొట్టింది, టమాటాలు చిదిమింది, గుడ్లు కొట్టింది. ఐదున్నరకి పెనం బల్ల మధ్యలో దించి, పక్కనే అలారం తిప్పి గడియారం పెట్టి, మెట్ల వైపు కేకేసింది.

“టైమవుతోంది, రండి!”

ఆయన వచ్చి గడియారం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. తన కుర్చీలో కూర్చున్నాడు. మూడు చెంచాలూ పెనంలోకి దిగాయి. కూతురు ఆఫీసు కబురొకటి చెప్పింది. ఆమె తిరగేసిన కాలర్ల సంగతి చెప్పింది. ఆయన పదకొండా అని నవ్వాడు. కుళాయి కథ మొదలుపెట్టబోయి, “సరేలే, క్యాలెండరు వెనక రాయి” అన్నాడు కూతురితో. పెనం అడుగు కనబడుతుండగా ఐదూ యాభై అయింది.

గడియారం గొల్లుమంది. ఆయన అలవాటుగా లేచాడు. టోపీ ఉండే మేకు వైపు చెయ్యి చాచాడు. మేకు ఖాళీగా ఉంది. చాచిన చెయ్యి అలాగే ఉంచి ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత గడియారం నోరు నొక్కి, మెల్లగా వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

“ఏమే,” అన్నాడు పెనం వైపు చూస్తూ, “ఇంకొంచెం ఉందా?”

ఆమె పెనం అందుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. “రెండే నిమిషాలాగండి” అంది.

“తొందరేముంది? నింపాదిగా చెయ్యి.”

గబగబమ్మకి ఆ రెండు గుడ్లు కొట్టడానికి చాలాసేపు పట్టింది.