పాకం దగ్గరున్న మనిషి

మొన్న ఇంటి నుంచే ఆఫీసు మీటింగులో కూర్చుని, మైకూ కెమెరా ఆపేసి, ఒళ్లో పళ్లెం పెట్టుకుని ఉప్మా తింటున్నాను. అవతల ఎవరో అందరికీ వినబడుతోందా అని అడగగానే, ఒక్క ముక్క వినకపోయినా నా చెయ్యి దానంతటదే పోయి "యస్ సార్" అని కొట్టింది. నా మీద నాకే రోత పుట్టింది. లాక్‌డౌన్‌లో డిగ్రీ వెలగబెట్టిన మనందరి చేతులకీ ఈ జబ్బు ఉండే ఉంటుంది గానీ, నా రోతకి వేరే కారణం ఉంది.

అప్పుడు నాది రెండో సంవత్సరం. అనకాపల్లిలో హాస్టలు మూసేస్తే బట్టల సంచితో మునగపాక దగ్గరున్న మా ఊరొచ్చి పడ్డాను. మా ఇంట్లో తలుపున్న గది ఒక్కటే, అది తాతది. ఆయన నలభై ఏళ్లు బెల్లం వండిన మనిషి. పెనంలో చెరుకురసం మరిగే చప్పుడు విని పాకం వచ్చిందో లేదో చెప్పేవాడట. ఆ పొయ్యి పొగంతా ఛాతీలో ఉండిపోయి పొద్దస్తమానం దగ్గేవాడు. నాకు ఫోన్లో క్లాసులని తెలియగానే, నాన్న ఒక కొస పట్టుకుంటే తానొక కొస పట్టుకుని, మంచం తెచ్చి వీధి అరుగు మీద వేసుకున్నాడు. ఆయన మందులు మాత్రం ఆ గది గూట్లోనే ఉండిపోయాయి.

ఇక నా చదువు సంగతి. తొమ్మిదింటి క్లాసుకి రెండు నిమిషాల ముందు లేచి, పాచిమొహంతోనే రోల్ నంబరు టైపు చేసి, ఫోను గోడకి ఆనించి మళ్లీ దుప్పటి ముసుగెట్టేదాన్ని. మాస్టారు పాపం గోడకి చెప్పినట్టు చెప్పుకుపోయేవారు. మెలకువ వస్తే స్నేహితురాళ్లతో లూడో. అమ్మ రోజూ కాచి ఇచ్చే మిరియాల కషాయం కిటికీలోంచి జామచెట్టు మొదట్లో పోసేదాన్ని, ఆ చెట్టుకి మాత్రం ఏ రోగమూ రాలేదు. తలకి నూనె లేదు, దుప్పటికి ఉతుకు లేదు, గదంతా ముక్కవాసన.

మావైపు బెల్లం వండేచోట ఒక పట్టింపు ఉంది. పాకం చూస్తున్న మనిషిని ఎవరూ పలకరించరు. రెప్పపాటు ఏమరితే పెనమంతా మాడిపోయి అందరి కష్టం మట్టిపాలవుతుంది. తాతకి ఆన్‌లైన్ క్లాసంటే ఏమిటో తెలియదు. తలుపేసుకుని గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటున్నానంటే అదీ పాకం చూడటం లాంటిదే అనుకున్నాడు. అందుకని అరుగు మీద కాపలా కూర్చుని, గిన్నె చప్పుడైతే అమ్మని కసిరేవాడు, కూరగాయల బండిని చెయ్యూపి పంపేసేవాడు, తనకే దగ్గొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకునేవాడు. ఆ అణిచిన దగ్గు నాకు వినబడేది. వినబడితే ఇయర్‌ఫోన్లు ఇంకాస్త లోపలికి తోసుకునేదాన్ని.

ఒకరోజు నాన్న చేనుకి, అమ్మ రేషను బియ్యానికి వెళ్లారు. క్లాసు పదింటికే అయిపోయింది, నా లూడో అవలేదు. పన్నెండింటికి ఆకలేసి తలుపు తీసేసరికి, తాత గడపకి ఆనుకుని, పెదాలు నల్లబడి, గాలికోసం ఎగపోస్తున్నాడు. ఆయన పీల్చే మందు నా తలగడ పక్కన గూట్లో ఉంది. తలుపుకి గడియైనా లేదు, తోస్తే తెరుచుకునేది. పరుగున మందు తెచ్చి నోటికి అందించాను. పిలవొచ్చు కదా తాతా అని ఏడిస్తే, ఊపిరి కాస్త కుదుటపడ్డాక అన్నాడు.

"పాకం కాడున్న మనిషిని పలకరించకూడదే పాపా. అయిపోయిందేటి సదువు?"

అయిపోయింది తాతా అన్నాను. అంతకన్నా నీచమైన మాట నా నోట మళ్లీ రాలేదు.

ఆ పూటే మందు ఆయన తలగడ కింద పెట్టాను. మంచం లోపలికి తెచ్చేద్దామంటే నా పరీక్షలయ్యేదాకా వద్దన్నాడు. అసలు సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి పరీక్షలు లేకుండానే మమ్మల్ని పై ఏడాదికి నెట్టేశారు. మనవరాలు పాసైందని తాత దారిన పోయేవాళ్లందరికీ చెప్పి తలా ఒక బెల్లంముక్క పెట్టాడు. నాకూ పెట్టాడు. ఆయన చూస్తుండగానే ఆ ముక్క చప్పరించాను.

తాత పోయి మూడేళ్లవుతోంది. ఆ గది ఇప్పుడు నాదే, అరుగు ఖాళీ. నా మీటింగు మధ్యలో అమ్మ సీరియల్ పెడుతుంది, బండివాడు మైకులో ఉల్లిపాయలని అరుస్తాడు, ఎవరినీ ఎవరూ కసరరు. నేను మాత్రం తలుపు బార్లా తీసి కూర్చుంటున్నాను, ఎవరైనా లోపలికొచ్చి నన్ను పలకరించి నా పని చెడగొడితే బాగుండునని.