గేటు దాటని పులుసు

ఆఫీసులో పక్క టేబులావిడ మధ్యాహ్నం కేరియరు విప్పినప్పుడు చల్లారిన చేపల పులుసు వాసన ఇటు తగిలిందంటే చాలు, నాకు కాలు నిలవదు. వట్లూరులో ఏసీ గదిలో కూర్చున్నదాన్ని కాస్తా, తెల్లారగట్ల తాడేపల్లిగూడెం స్టేషన్లో మామ్మ కొంగు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్న చిన్నపిల్లనైపోతాను.

పెంటపాడు దగ్గర మాకు వరి చేలుండేవి. నాన్న బడిపంతులు, వ్యవసాయమంతా బాబాయిది. నారుమళ్ళకి నీళ్ళు పెట్టే రోజుల్లో ఓసారి, కాలవ గట్టు మీద వంతు దగ్గర మాటా మాటా పెరిగి, బాబాయి విసిరిన పార తగిలి పక్క చేను ఆయన చనిపోయాడు. బాబాయికి యావజ్జీవం పడింది. ఆ తరవాత కూడా మా ఇంట్లో పండగలకి బూరెలు వండారు, అట్లతద్దికి ఉయ్యాలలూగాం, ముసుర్లలో చూరు కింద గచ్చకాయలాడాం. కానీ దేనిమీదా ఎవరికీ మనసు నిలిచేది కాదు. చనిపోయినాయన ఇంటి ముందు నుంచి వెళ్ళడానికి మొహం చెల్లక మామ్మ చుట్టు దారిన తిరిగొచ్చేది.

మామ్మకి ఒకటే కోరిక, తన చేతి పులుసు కొడుకు తినాలి. జైల్లో బాబాయిని చూసే ములాఖత్ ముందు రోజు కొల్లేటి కొరమేను తెప్పించి, మామిడికాయలుంటే ఆ ముక్కలు వేసి, లేకపోతే చింతపండుతో, దాకలో మరిగించేది. వండినవి లోపలికి పంపరని గేటు దగ్గర ప్రతిసారీ చెప్పేవారు. ప్రతిసారీ పట్టుకెళ్ళేది. రైలు గోదావరి వంతెన ఎక్కగానే నాన్న పాఠం మొదలుపెట్టేవారు: బాబాయి ఉన్న జైలు ఒకప్పుడు డచ్చివాళ్ళ కోట, ఇంగ్లీషువాళ్ళు దాన్ని జైలు చేశారు, స్వతంత్రం కోసం పోరాడినవాళ్ళనీ అక్కడే పెట్టారు, ఇప్పుడు పెద్ద శిక్షలు పడ్డవాళ్ళు చాలామంది అక్కడికే వస్తారు.

"కోటైతే నాకేంటిరా, వాడికి అన్నం ఎవరు పెడుతున్నారో అది చెప్పు," అనేది మామ్మ.

గేటు బయట రేకుల షెడ్డుండేది. వచ్చిన తల్లులందరి కేరియర్లూ అలాగే తిరిగొచ్చేవి. పారబొయ్యడానికి చేతులు రాక, ఒకరి కూర ఒకరికి వడ్డించుకుని తినేవారు. పెదవేగి నుంచి మహాలక్ష్మమ్మ గారని వచ్చేవారు. ఆవిడకి ఒక్కడే కొడుకు, సూరిబాబు. "మీ అబ్బాయి వంతు నేను తింటున్నానండీ, ఏవనుకోకండి," అంటూ మా పులుసు కలుపుకునేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆవిడ తెచ్చిన గోంగూర పచ్చడి ముట్టుకునేదాన్ని కాదు.

నేను కాలేజీలో ఉండగా బాబాయిని వదిలారు. మామ్మ పొగలు కక్కే పులుసు వడ్డించి ఎదురుగా కూర్చుంది. బాబాయి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"సూరిబాబు చెప్పినట్టే ఉందమ్మా."

షెడ్డులో తిన్నదల్లా మహాలక్ష్మమ్మ గారు ములాఖత్‌లో ఇనప జాలీలోంచి కొడుక్కి చెప్పేవారట. ఈసారి మామిడికాయ పడిందనీ, ఈసారి కారం చురుక్కుమందనీ ఆ సూరిబాబు వచ్చి బాబాయికి చెప్పేవాడట. అన్నేళ్ళూ జైలు అన్నంలో ఆ మాటలే నంజుకున్నానన్నాడు. మామ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఆవిడ ఈమధ్య కనపడటం లేదేంట్రా?" అంది కాసేపటికి.

"పోయిందమ్మా. సూరిబాబు కోసం వచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు."

ఆ గేటు మొహం మళ్ళీ చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి, మరుసటి నెల ములాఖత్ రోజుకి కేరియరు కట్టింది. నాన్న వద్దన్నా వినలేదు. పులుసు షెడ్డులో ఎవరికో పెట్టేసి, జాలీ దగ్గర నిలబడి, అందులో ఏమేం వేసిందో సూరిబాబుకి తనే చెప్పొచ్చింది. మోకాళ్ళు మొరాయించేదాకా అలా వెళ్తూనే ఉంది.

ఇప్పుడు మామ్మ లేదు. ఆ షెడ్డూ తీసేశారట, ఎదురుగా నిలబడి అరుచుకోవడం పోయి ఫోన్లో మాట్లాడుకుంటున్నారట. మామ్మ పోయినప్పుడు నాన్నా బాబాయీ గుండు చేయించుకున్నారు. అదే వారంలో కబురు తెలిసి, లోపల సూరిబాబు కూడా చేయించుకున్నాడని మొన్న బాబాయి చెప్తేనే నాకు తెలిసింది.