ముడి లేని అల్లిక

భోగాపురం దగ్గర, సముద్రం ఒడ్డు ఊళ్ళో టీచరుగా పనిచేస్తున్నాను. పోయిన చలికాలం, సాయంత్రాలు మా అరుగు మీద పిల్లలకు ఊలు అల్లిక నేర్పాను. ఎవరూ అడగలేదు, నాకే ఊరకే కూర్చోబుద్ధి కాక మొదలుపెట్టాను. ఏ వయసు చేతికి ఏది ఎలా పట్టుబడుతుందో చూడటం నాకు భలే సరదా. ఆరేళ్ళవాళ్ళు సూదితో మాట్లాడతారు. "రాయే, ఇలా రాయే" అని బతిమాలి, అది రాకపోతే అలిగి కూర్చుంటారు. తొమ్మిదేళ్ళవాళ్ళు ఫోన్లో వీడియో చూసొచ్చి నాకే తప్పులు పడతారు. "అలగ కాదండి, ఏలుకి సుట్టాలి" అని నా వేలు పట్టుకుని లాగినవాడూ ఉన్నాడు.

పదమూడేళ్ళ పిల్ల ఒక్కర్తే వచ్చింది. వచ్చిన రోజే తేల్చి చెప్పేసింది.

"టోపీ ఒక్కటి నేర్పీండి టీచరమ్మా. మిగతాయి నాకక్కర్నేదు."

వాళ్ళ అక్కకి నెలలు నిండకుండానే కాన్పయింది. బిడ్డ తల చల్లబడకూడదు, టోపీ తియ్యొద్దు అని నర్సు గట్టిగా చెప్పి ఇంటికి పంపిందట. ఎవరిదో పాత టోపీ పెడితే ముక్కు దాకా దిగిపోతోంది. గుడ్డ చుడితే జారిపోతోంది. "ఆడి తల బత్తాయికాయంత ఉన్నాదండి" అని గుప్పిట చూపించింది.

ఆ పిల్ల చేతులు ఎంత చురుకో! రెండు రోజుల్లో టోపీ పట్టుకొచ్చింది. తీరా చూస్తే కొబ్బరిపీచులా బిరుసుగా ఉంది. లాగితే సాగదు. విప్పుదామంటే ఊడదు. పట్టి చూస్తే ప్రతి కుట్టు దగ్గరా ఒక ముడి! ఇంట్లో వలలు బాగుచేసి చేసి అలవాటైన చెయ్యి, కట్టుకుంటూ పోయింది.

"ఎవరు వెయ్యమన్నారే ఈ ముళ్ళు?" అని కసిరాను.

"ముడి నేకపోతే జారిపోదేటి?" అంది, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు. "వలలో కన్ను తెగితే ఆ కన్నే పోద్ది. మీదైతే ఒక పోగు తెగితే మొత్తం పోద్ది. ఇలాటిది ఎవలు కనిపెట్టినారండి?"

ముప్ఫై ఏళ్ళ నుంచి అల్లుతున్నాను, ఒక్కరోజూ నాకీ ప్రశ్న రాలేదు. సిగ్గేసింది. మర్నాడు దాన్నే వల అల్లిక నేర్పమన్నాను. ఒక వెదురు బద్ద, దారం చుట్టిన సూది తెచ్చింది. కన్ను ఎంత ఉండాలో బద్ద చూసుకుంటుంది, ముడి వేళ్ళు చూసుకుంటాయి. నా ముళ్ళన్నీ జారాయి. "బిగించాలి టీచరమ్మా, బిగించాలి! అన్నం తినలేదేటి?" అని నన్ను నా గొంతుతోనే కేకలేసింది. ఆరేళ్ళవాళ్ళు పడీపడీ నవ్వారు.

రెండో టోపీ ముడి లేకుండా అల్లింది. కొత్త గులాబిరంగు ఊలు, మెత్తగా ఎంత ముద్దుగా ఉందో! మర్నాడు దాన్ని అలాగే వెనక్కి తెచ్చి నా ఒళ్ళో పడేసి ఏడ్చింది. పురుడు వెళ్ళేదాకా బిడ్డకి కొత్తది తొడగకూడదని వాళ్ళ నాయనమ్మ పెట్టనివ్వలేదట. ఇరవయ్యొకటో రోజు పురుడు, దానికింకా పది రోజులుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పసివాడు చలికి వణికిపోతుంటే ఆచారమా? పద, మీ నాయనమ్మతోనే తేల్చుకుంటాను అని లేచాను. కుర్చీలో కూర్చున్న మా నాన్న, "ఆవిడకి పాతది కావాలి. అంతేనా?" అంటూ ఒంటి మీది స్వెట్టరు తీసి దాని చేతికిచ్చాడు. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది నేనల్లింది.

భుజం దగ్గర కుట్టు విప్పి పోగు అందించాను. లాగింది. వరస వెంట వరస స్వెట్టరు చెయ్యి మొత్తం ఊడి వచ్చేసింది. దాని కళ్ళు ఇంతింతయ్యాయి. "ఇందుకేటండి ముడి ఎయ్యరు! ఇప్పి ఇంకోటి సేసుకోవచ్చు!" అంది. నిజం చెప్పొద్దూ, నాకూ అప్పుడే తెలిసినట్టనిపించింది. ఆ పోగు వేణ్ణీళ్ళలో తడిపి ఆరబెట్టుకుని, మర్నాటి సాయంత్రానికల్లా మూడో టోపీ అల్లేసింది.

దానితో పాటు నేనూ వాళ్ళింటికి వెళ్ళాను. ముసలావిడకి నాలుగు మాటలు చెప్పాలని దారి పొడుగునా కూడబలుక్కున్నాను. ఆవిడ టోపీ తీసుకుని లాగి చూసింది, వాసన చూసింది.

"ఎవలిదమ్మా నూలు?"

"మా నాన్నగారి స్వెట్టరుది."

"ఉన్నారా?"

"ఉన్నారండి. ఎనభై ఆరేళ్ళు."

"నడుస్తారా?"

"రోజూ సముద్రం దాకా నడిచి వెళ్ళొస్తారు."

ఆవిడ టోపీని మళ్ళీ ఒకసారి వేళ్ళతో నిమిరింది. "నా మొదటి ఇద్దరు పిల్లలకీ ముచ్చటపడి కొత్త సొక్కాలు కుట్టించినానమ్మా," అంది నెమ్మదిగా. "ఇద్దరూ పురుడెల్లకుండానే ఎల్లిపోయినారు."

ఆవిడ బిడ్డ ఉన్న మంచం దగ్గరకు వెళ్ళి, మనవరాలిని కూడా ముట్టుకోనివ్వకుండా తనే టోపీ తొడిగింది. చెవుల కిందికంటా లాగింది. నెత్తి మీద అరచెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచింది.

"ఎచ్చగున్నాడే," అంది.