చెప్పుల డబ్బా ఓడ

ఆ రోజుల్లో పిల్లల చేత సైన్సు చేయించడానికి ఇన్ని కిట్లు అమ్మేవారు కాదు. ఇప్పుడు గచ్చిబౌలిలో ఏ అపార్ట్‌మెంటుకెళ్లినా శనివారం ఒక వర్క్‌షాపు. ముక్కలన్నీ ముందే కోసి, రంధ్రాలన్నీ ముందే పొడిచి ఇస్తారు. పిల్ల ఒక్క స్క్రూ తిప్పగానే "మా పాప రోబో చేసింది" అని ఫొటో. చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, అంటే ఎదుటివాళ్ల పనిలో తప్పులు పట్టి బతుకుతున్నాను. కానీ ఈ మంట ఉద్యోగంతో వచ్చింది కాదు. గోపన్‌పల్లిలో మా చర్చి సండే స్కూల్లో, పదకొండో ఏట అంటుకుంది.

వేసవి క్లాసుల చివరి ఆదివారం నోవహు (బైబిల్లో జలప్రళయమప్పుడు జంతువుల్ని ఎక్కించుకుని కాపాడినాయన) ఓడల పోటీ పెట్టారు. ఎవరి ఓడ వాళ్లే సొంత చేతులతో చేయాలి. గెలిచిన ఓడను ఆరాధనలో అందరి ముందూ బల్ల మీద పెడతారు. మా అమ్మ నర్సు. ఆదివారాలు పొద్దున డ్యూటీ తప్పేది కాదు. ఆ ఒక్కరోజు తోటి నర్సును బతిమాలి మధ్యాహ్నానికి మార్చుకుంది, బల్ల మీద నా ఓడ చూడాలని. (గెలుస్తానని మాటిచ్చింది నేనే.) బైబిల్లో ఓడకు లోపలా బయటా కీలు (తారు లాంటిది) పూయమని ఉంది కదా, కీలు దొరక్క క్రిస్మస్‌కి మిగిలిన కొవ్వొత్తులు కరిగించి చెప్పుల డబ్బాకు రెండు వైపులా పూశాను. బంకమట్టి ఏనుగుల్ని ఎక్కించి బకెట్లో పూటంతా తేలించాను. చుక్క నీరు దిగలేదు.

ఆ పొద్దున మా టీచరమ్మ (రాజమండ్రి ఆవిడ, మనసు వెన్న) నా ఓడను తిప్పి తిప్పి చూసి, పక్కన తలుపుండాలని రాసి ఉంది కదమ్మా అన్నారు. నిజమే. అక్కడికక్కడే కత్తెర తెచ్చి తలుపు కోశాను. అంతా అయ్యాక మొదటి బహుమతి ఎవరికిచ్చారు? సీరియల్ లైట్లు మిణుకుమిణుకుమనే థర్మాకోల్ ఓడకి. అది తెచ్చిన పిల్లకు ఎనిమిదేళ్లు. చేసింది వాళ్ల నాన్న, పెద్ద కంపెనీలో ఇంజనీరు. ఆ సంగతి చర్చిలో అందరికీ తెలుసు, అయినా ఇచ్చారు. నేను లేచి నిలబడి, "ఓడ అంటే తేలాలె కద టీచర్. నీళ్లల్ల ఏసి చూడున్రి," అన్నాను.

పాస్టర్ గారు నవ్వి, ప్రేమవిందు (ఆరాధన అయ్యాక అందరూ కలిసి చేసే భోజనం) గిన్నెలు కడిగే నీలం టబ్బు తెప్పించారు. లైట్ల ఓడ దర్జాగా తేలింది. థర్మాకోల్ ఎక్కడైనా మునుగుతుందా? కోపంలో ఆ మాత్రం బుర్ర పనిచేస్తేగా! తర్వాత నాది. ఓ నిమిషం నిలిచి, తలుపు వైపు ఒరిగి, ఏనుగులతో సహా అడుక్కి పోయింది. అందరూ నవ్వారు. టీచరమ్మ జాలిపడి ఓ పెన్సిల్ డబ్బా చేతిలో పెట్టారు. ఓడిపోయినందుకు కాదు, ఆ జాలికి మండింది నాకు. పాస్టర్ గారొక్కరే వంగి, "యాడికెళ్లి వచ్చినయి బిడ్డా నీళ్లు?" అని అడిగారు. చూశాను. కోసిన అంచుకి మైనం లేదు. అట్ట నీళ్లు తాగేసింది.

ఆరాధన జరిగినంతసేపూ లైట్ల ఓడ ముందు మెరుస్తుంటే, నాది బయట గోడ మీద మే నెల ఎండకి ఆరింది. భోజనాల వేళ కొవ్వొత్తి వెలిగించి అంచుకి మైనం పూస్తుంటే ఆ ఎనిమిదేళ్ల పిల్ల వచ్చి, "అక్కా, జర నేను పూస్త. మా డాడీ మా ఓడను నన్ను ముట్టనియ్యలే," అంది. మొదటి బహుమతి పొందిన మనిషి! ఆ పిల్ల మీద కోపం అక్కడే పోయింది, వాళ్ల నాన్న మీద రెట్టింపైంది. ఇద్దరం పూశాం. ఏనుగుల్ని మళ్లీ చేశాం. టబ్బులో వేస్తే తేలింది. చూడ్డానికి ఎవరూ లేరు, అందరూ బిర్యానీ దగ్గర ఉన్నారు.

భోజనాల దగ్గర్నుంచి నన్ను వెతుక్కుంటూ అమ్మ వచ్చింది. రెండింటికి డ్యూటీ, అప్పటికే ఆలస్యం. ఆ మాట అనకుండా ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని టబ్బు పక్కన కూర్చుని, ఎంతసేపు తేలితే అంతసేపూ చూసింది. నేనేమో బల్ల మీదకి ఎక్కలేదని, న్యాయం లేదని మూతి ముడుచుకుని అటు తిరిగి కూర్చున్నాను. అమ్మ చూడ్డానికి వచ్చింది నా ఓడనేనని, చూసేసిందని తట్టడానికి నాకిన్నేళ్లు పట్టింది, పిచ్చిదాన్ని.