డబ్బాలో నాలుగు కార్డులు

నన్ను ఈ ఉదయం లేపి కూర్చోబెట్టిన ప్రభువుకు స్తోత్రం. అద్దాలు పెట్టుకుంటే ఇంకా అక్షరం కనబడే కండ్లకు, ఈ వయసులో కూడా వణకని నా కుడిచేతికి ఆయనకే మహిమ. ఆ కుడిచెయ్యి చేసిన పని ఒకటి చెప్పాలని కూర్చున్న. ఆయనకు తెలియనిది కాదు, మీకే తెలియదు.

నిన్న పాస్టరమ్మ అట్టల కట్ట పంపించింది. ప్రతి డిసెంబరులో పంపుతది. మా సంఘంలో కొత్త సంవత్సరం మొదటి ఆరాధన కాంగనే ఒక స్టీలు డబ్బా ముందుకొస్తది. దాని నిండా చిన్న చిన్న కార్డులు, ఒక్కోదాని మీద ఒక్కో బైబిలు వాక్యం. కండ్లు మూసుకొని చెయ్యి పెట్టి ఒకటి తీస్తే, అదే ఆ ఏడాదికి దేవుడు నీకిచ్చిన వాగ్దానం. అచ్చు వేసినవి బజార్ల దొరుకుతయి గాని మా పాస్టరుగారికి చేతిరాతే ఇష్టం. మొయినాబాద్ మండలంలో ఇంత గుండ్రంగ రాసే చెయ్యి ఇంకోటి లేదని ఒకనాడు అందరి ముందు అన్నడు. ఆ ఒక్క మాట పట్టుకొని ఇరవై రెండేండ్ల సంది రాస్తున్న. వాక్యం కింద మూలకు చిన్న పువ్వు కూడ వేస్త, అది ఎవరూ అడగలేదు. ఇంకో కట్టుబాటు ఉన్నది: వాక్యం రాసిన కార్డును చింపొద్దు, పారేయొద్దు. మిగిలినవి దాచిపెట్టి మరుసటి ఏడు డబ్బాలో కలపాలె. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ల పని పడుతది.

కట్ట విప్పితే కొత్త అట్ట వాసన వచ్చింది. అందరికీ ఆ వాసనకు బడి గుర్తుకొస్తదట. నాకు మాత్రం బిర్యానీ గుర్తుకొస్తది.

పదకొండేండ్ల కిందటి మాట. స్త్రీల కూడికలో మేము నలుగురం ఒక జట్టు. చేవెళ్లలో ప్రైవేటు బడిలో చెప్పే టీచరక్క, భర్తకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న ఆంధ్ర వదిన, పట్నంలది కాదు, మా మండలంలనే ఉన్న హిమాయత్‌నగర్ ఊరిదాన్ని నేను, మా అందరికన్న చిన్నది సురంగల్ చెల్లె. ప్రతి జనవరి మొదటి ఆదివారం ఆరాధన కాంగనే మొయినాబాద్ నడిబొడ్డున ఉన్న హోటల్ల భోజనం చేసేది. లోపల ఏసీ హాలు ఉండేది గాని అది ఫాంహౌసులకు పోయే పట్నంవాళ్లతోని నిండిపోయేది. మేము వెనుక ఆరుబయట కూర్చునేటోళ్లం. ఆకుపచ్చ నెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలు, పక్క దుకాణం నుంచి టైరు రబ్బరు వాసన, మెయిన్ రోడ్డు మీద బస్సుల హారన్లు. నెట్టు బొక్కలలోంచి ఎండ పడి అందరి ముఖాల మీద పొక్కులు లేచినట్టు కనబడేది. ఆ వెలుతురులో మా నలుగురిలో ఎవరమూ అందంగ ఉండకపోయేటోళ్లం, అది ఒక సమానత్వం.

సురంగల్ చెల్లెకు అప్పుడు ముప్పై ఆరు. గులాబీల షెడ్డుల పనిచేసేది. కాడ పొడుగును బట్టి పూలు ఏరి, ఇరవై ఇరవైగ కట్టలు కట్టి పట్నంల పెండ్లిళ్లకు పంపడం. ముండ్లు గుచ్చుకుంటయని రెండు బొటనవేళ్లకూ ఎప్పుడూ ప్లాస్టరే. తనకు మాత్రం పెండ్లి కాలేదు. అన్న, వదినల ఇంట్ల ఉండేది. పాట మొదలుపెడితే సంఘమంతా నిమ్మళమయ్యేది. అయితే ఆమెతోని ఒక తంటా ఉన్నది: ప్రతి ఏడు వచ్చిన వాగ్దానాన్ని పెండ్లికే ముడి వేసేది. తలుపులు తెరుస్తానన్న వాక్యం వస్తే అది పెండ్లి. ఎడారిలో నీళ్లని వస్తే అదీ పెండ్లే. ఒకసారి శత్రువుల కోటలు కూలుతయని వచ్చింది. అది ఇంట్ల తన వదిన మనసు మారడమని, ఆ తర్వాత పెండ్లని కూడికల అందరి ముందు సాక్ష్యం చెప్పింది. మేము ముందట ఆమెన్ అని, వెనుక నవ్వి నవ్వి అలసిపోయేటోళ్లం.

ఆ ఏడు పెండ్లిళ్ల ఆర్డర్లు ఎక్కువుండి ఆమె కొత్త సంవత్సరం ఆరాధనకు రాలేదు. కార్డు తీయలేదు. భోజనానికి వచ్చేటప్పుడు డబ్బా తెమ్మని నాకు ఫోను చేసి చెప్పింది. ఆమెకు ఆలూరు నుంచి ఒక సంబంధం వచ్చిందని అప్పటికే టీచరక్క చెవిన పడ్డది. భార్య చనిపోయిన మనిషి, బడి బస్సు నడుపుతడు, ఒక బిడ్డ టీచరక్క క్లాసులనే ఉన్నది. మంచోడనే పేరు. సూపు తాగుకుంట టీచరక్క అన్నది, ఈసారి ఏ వాక్యం వచ్చినా ఆయన తలపాగా కట్టుకొని అందులో నుంచే బయటికి వస్తడని. ఆంధ్ర వదినకు పొలమారింది.

“ఈసారి దేవునితోని సూటిగ చెప్పిద్దాం,” అన్నది టీచరక్క. డబ్బాలో ఉన్న కార్డులన్నీ తీసి తన సంచిల వేసుకున్నది. ఓపిక పట్టి ప్రభువు కోసం కనిపెట్టుకొని ఉండమనే, అంటే ఎదురుచూడుమనే వాక్యం నన్ను నాలుగు కార్డుల మీద రాయుమన్నది. “ఎక్కడ చెయ్యి పెట్టినా అదే తగలాలె. దేవుని చిత్తానికి మనం గింతైనా సాయం చెయ్యొద్దా?”

రాయనని అనవచ్చు. నేను పెన్ను మూత తీసిన. ఖాళీ అట్టలు నా సంచిలనే ఉన్నయి. బిర్యానీ గిన్నె కోసం జరిపిన జాగల, సూపు మరకల నడుమ, ఎప్పటి కన్న శ్రద్ధగ రాసిన. పువ్వు మరిచిపోతున్నానని ఆంధ్ర వదిన గుర్తు చేసింది. “అది లేకపోతే నమ్మదమ్మా, నువ్వెప్పుడూ వేస్తావుగా,” అన్నది. నాలుగింటికీ పువ్వు వేసిన. నాలుగోదాని పువ్వు పూర్తయ్యేసరికి షేర్ ఆటో దిగి చెల్లె గేటు కాడ కనబడ్డది. కార్డులు డబ్బాలో వేసి మూత పెట్టిన.

ఆమె మా కోసం నాలుగు గులాబీలు తెచ్చింది. కాడ పొట్టిగ ఉన్నయని షెడ్డుల పక్కకు తీసేసినవి. నీళ్ల గ్లాసుల పెట్టి, సూపు వద్దని చెప్పి, డబ్బా వైపు చూసింది. ఏమైందని అడిగితే చెప్పింది.

“ఆలూరాయన ఇయ్యాల పొద్దుగూకేసరికి జవాబు అడిగిండు అక్కా. అన్న నా ఇష్టమే అన్నడు. నాకేమో భయమైతున్నది. మూడు దినాల సంది ఉపవాసమున్న. ఈ డబ్బాల ఏ మాట వస్తే అదే జవాబని ప్రభువుకు మాట ఇచ్చిన.”

ఆ నిమిషాన నా చెయ్యి డబ్బా మూత మీదనే ఉన్నది. ఎవరూ నన్ను పట్టుకోలేదు. తప్పైందని ఒక్క మాట అంటే ఆమె ఏడ్చేది, మమ్మల్ని తిట్టేది, లేచిపోయేది, మా పరువు పోయేది. అంతే అయ్యేది. నేను టీచరక్క ముఖం చూసిన. ఆమె ఆంధ్ర వదిన ముఖం చూసింది. వదిన గులాబీని చూసుకుంట కూర్చున్నది. మాకు దొరికిన ఆట అంత తొందరగ పోగొట్టుకోవాలని మా ముగ్గురిల ఎవరికీ అనిపించలేదు. ఇంతకన్న నిజం నా దగ్గర లేదు.

“మరి తియ్యి,” అన్నది టీచరక్క.

చెల్లె కండ్లు మూసుకొని చాలాసేపు ప్రార్థన చేసింది. టీచరక్క బుగ్గలు లోపలికి పీల్చుకొని నవ్వు ఆపుకుంటున్నది. చెల్లె చెయ్యి పెట్టింది, ఒకటి తీసింది, చదివింది. నున్నటి అట్ట మీద సిరా తొందరగ ఆరదు. ఆమె తీసింది ఆఖరుగ రాసినది. పువ్వు ఆమె ప్లాస్టరుకు అంటింది. బొటనవేలు తిప్పి చూసుకున్నది.

“ఇంకా పచ్చిగనే ఉన్నది అక్కా,” అన్నది నాతోని, మెల్లగ. “నా కోసం ఇప్పుడే రాసినట్టు.”

అప్పుడు చెప్పబోయిన. నోరు కూడ తెరిచిన. అంతల బిర్యానీ వచ్చింది, గిన్నె పెట్టడానికి జాగ చెయ్యమన్నడు సర్వరు భయ్యా. డబ్బా తీసి ఒడిల పెట్టుకున్న. చెల్లె లేచి చేతులు కడిగే నల్లా కాడికి పోయి అన్నకు ఫోను చేసింది. దూరం నుంచి మాట వినబడలేదు, తల అడ్డంగ ఊపడం మాత్రం కనబడ్డది. తిరిగి వచ్చి మూడు దినాల ఆకలితోని తిన్నది. నా ప్లేటులో మాంసం బొక్క కూడ తీసుకొని కొరికింది. దేవుని చిత్తం ఎలా ఉందో ఎవరికి తెలుసమ్మా అని ఆంధ్ర వదిన రైతా వడ్డించింది. చెల్లె తలకాయ ఊపింది. ఇన్నేండ్లల ఆమె అంత నిమ్మళంగ ఉండగ నేను చూడలేదు.

ఆలూరాయన ఆ ఎండాకాలం వేరే సంబంధం చేసుకున్నడు. వేదికకు పూలు సురంగల్ షెడ్డు నుంచే పోయినయి. కట్టలు కట్టింది చెల్లెనే. అది కూడ కూడికల సాక్ష్యం చెప్పింది, తొందరపాటు నుంచి ప్రభువు తనను కాపాడిండని. ఆమెన్ అన్నం.

మిగిలిన మూడు కార్డులను నేను చింపలేదు. కట్టుబాటు చెప్పిన గద. అబద్ధంగ రాసినా అది వాక్యమే అనుకొని, మరుసటి ఏడు మూడు వందల పైన కార్డులలో వాటినీ కలిపేసిన. పాపాన్ని అంత పద్ధతిగ దాచినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంట. ఆ ఏడు సంఘమంతా చూస్తుండగ చెల్లె చెయ్యి పెట్టి ఆ మూడింటిల ఒకటి తీసింది. నా దగ్గరికి ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నది. “చూసినవా అక్కా, ఆయన మాట మార్చలే,” అన్నది. ఆ తర్వాత ఇంకో సంబంధం వస్తే అన్న అడగకముందే వద్దన్నది. మూడోసారి ఎవరూ రాలేదు.

టీచరక్క ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్, ఎదురుపడితే ఆ ముచ్చట రానియ్యదు. ఆంధ్ర వదిన మణికొండకు మారిపోయి రోజూ పొద్దున ఫోనుకు వాక్యం పంపుతది. రోడ్డు వెడల్పుల హోటలు ఆరుబయలంతా పోయింది. మేము కూర్చున్న జాగ మీదికెల్లి బస్సులు పోతున్నయి. అందుల ఒకటి ఆలూరాయన నడిపే పసుపుపచ్చ బడి బస్సు. అది షెడ్డు ముందు నుంచి పోతుంటే చెల్లె చెయ్యి ఊపుతదట, ఆయన ఊపుతడట. ఆమెనే చెప్పింది, ఏ బాధా లేకుండ.

రేపు ఆమె వస్తది. ప్రతి డిసెంబరు అట్టలు కోయడానికి వస్తది, కత్తెర పని ఆమెది, రాత నాది. నలభై ఏడు నిండినయి, పాపిట తెల్లబడ్డది. ఆ మొదటి కార్డును ప్లాస్టిక్ కవరుల పెట్టి ఇప్పటికీ సంచిల పెట్టుకొని తిరుగుతది. రేపు ఆ కార్డు అడిగి తీసుకొని, అది ఎవరు, ఎక్కడ, ఎందుకు రాసిండ్రో చెప్దామనుకుంటున్న. పోయిన ఏడు కూడ ఇట్లనే అనుకున్న. చెప్తే ఆమెకు పెండ్లి తిరిగి రాదు. ఇన్నేండ్లు పట్టుకొని నిలబడ్డ నమ్మకం కూడ పోవచ్చు. చెప్పకపోతే ఆ పచ్చి సిరాను దేవుడే రాసిండని నమ్ముకుంటనే ఆమె ముసలిదైతది. ఆయన పేరు మీద నేను పెట్టిన దొంగ సంతకం అది.

అందుకే చదివే మీరు ఈ ఒక్కసారి నాతోని మోకరించండి. నాకు క్షమాపణ దొరకాలని కాదు. రేపు ఆమె కత్తెర పట్టుకొని కూర్చున్నప్పుడు నా నోరు తెరుచుకోవాలని, ఆ తర్వాత కూడ ఆమె ప్రభువును విడువొద్దని అడగండి. కనిపెట్టుకొని ఉండమని చెప్పడం ఆయనకు చెల్లుతది, ఆయన చేతుల కాలం ఎంతైనా ఉన్నది. సురంగల్ చెల్లె చేతుల ఉన్నది ఒక్క యవ్వనమే, దాన్ని మేము బిర్యానీ వచ్చేలోపల ఖర్చు చేసినం.