వియన్నా నుంచి లండన్‌కు ఎంతసేపు?

వియన్నా విమానాశ్రయంలో లండన్ విమానం కోసం నా పక్కన కూర్చున్న నాగరత్నం గారు చీరాలలో చీరలు నేస్తారు. ఆ మధ్యాహ్నం రెండు గంటలకు లండన్‌లోని ఒక ప్రదర్శనలో ఆమె మగ్గం మీద నేసి చూపించాలి. నేను ఒంగోలులో భౌతికశాస్త్రం బోధిస్తాను. అచ్చులో ఉన్నదేదీ సరిచూడకుండా నమ్మలేను.

ఆమె టికెట్టుపై బయలుదేరేది పదింటికి, దిగేది పదకొండూ ఇరవైకి అని ఉంది. దూరం సుమారు పన్నెండు వందల డెబ్బై కిలోమీటర్లు. విమాన వేగానికి, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ పట్టే సమయం కలిపితే రెండు గంటల ఇరవై నిమిషాలు తేలింది.

"ఇది అచ్చుతప్పండీ. మీరు దిగేసరికి పన్నెండూ ఇరవై అవుతుంది," అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. "అయ్యో మాస్టారూ! సామాను తీసుకుని, ఊళ్లోకెళ్లి, మగ్గం ముందు కూర్చునేసరికి అందరూ వెళ్లిపోతారు కదండీ!"

వెంటనే సంచిలోంచి ఒక చీటీ తీశారు. పరాయి ఊళ్ల గంటలు తనకు అయోమయమని, ప్రయాణమంతా మన దేశపు సమయంలోనే మరిది చేత రాయించుకున్నారట. బయలుదేరడం మధ్యాహ్నం రెండున్నర, దిగడం నాలుగూ యాభై, నేత రాత్రి ఏడున్నర.

లండన్ గడియారం వియన్నా కంటే గంట వెనక నడుస్తుందన్న సంగతినే నేను లెక్కలోకి తీసుకోలేదు. తప్పు ఒప్పుకున్నాను.

"రెండు గంటల ఇరవై నిమిషాలే కదండీ, మీ లెక్క కరెక్టే," అని ఆమె నన్నే ఓదార్చారు. "కాకపోతే ఈసారి ఎవర్నైనా హడలగొట్టే ముందు మా మరిదికోసారి ఫోన్ చేయండి!"